పిలిస్తే పలికే వీధి

రాజమహేంద్రవరం,
15 జూన్ 2025, ఆదివారం.

ప్రియమైన మీకు,

మీ కుమారి వందనాలతో రాస్తున్నది. దేవుని దయవల్ల ఇక్కడ అత్తయ్య, పాప, నేను ముగ్గురం కులాసాగా ఉన్నాం. ఆ మంచుకొండల మీద మీరు కూడా వేళకి తింటూ, పాదాలు తడి లేకుండా చూసుకుంటూ, ఆరోగ్యంగా ఉన్నారని నమ్ముతున్నాను. మీ ఉత్తరం భీమవరం పాత చిరునామాకి వెళ్ళి, అక్కడి నుంచి దారి మళ్ళి నిన్న మధ్యాహ్నం ఇక్కడికి చేరింది. మన కొత్తింటికి వచ్చిన మొదటి ఉత్తరం అదే. పాప దాన్ని పోస్టుమేన్ చేతిలోంచి లాక్కున్నంత పని చేసింది. అత్తయ్యకి రెండుసార్లు చదివి వినిపించాను, మూడోసారి ఆవిడే కళ్ళజోడు పెట్టుకుని కూడబలుక్కున్నారు.

అవునండి, కొత్తిల్లే. ఈ నెల ఏడో తారీకు నుంచి మనం రాజమండ్రి వాళ్ళం. జాంపేట దగ్గర ఒక చిన్న వీధి, అందులో ఒక ఇంటి వెనక వాటా. రెండు గదులు, వంటగది, వెనకాల బట్టలు ఆరేసుకునేంత జాగా, అందులో ఒక కరివేపాకు చెట్టు. ఇది నేను మీకు ఫోన్లో చెప్పిన పచ్చ గేటు ఇల్లు కాదు. ఎందుకు కాదో ఈ ఉత్తరంలోనే చెబుతాను, కానీ ముందు నా సంతోషం రాసుకోనివ్వండి. మీ ఫోను వస్తే సగం కాలం 'వినపడుతోందా, వినపడుతోందా' అనుకోవడంతోనే పోతుంది. కాగితం మీద అయితే ఎవరూ మధ్యలో కట్ చెయ్యరు.

ముందు ఉద్యోగం సంగతి. భీమవరం నర్సింగ్‌హోంలో పదకొండేళ్ళు సెలైన్లు ఎక్కించి, ఇంజెక్షన్లు చేసి, ఇక నా బతుకింతే అనుకున్నాను కదా. ఇక్కడ నన్ను అప్పుడే పుట్టిన పిల్లల వార్డులో వేశారు. నెలలు నిండకుండా పుట్టినవాళ్ళు, అరచేతిలో పట్టేంత పిల్లలు, గాజుపెట్టెల్లో పడుకుని ఉంటారు. నేను చేరిన రోజు ఒక ఆడపిల్ల ఏడో నెలలోనే పుట్టి వచ్చింది. దాని వేలు నా చేతి గడియారం ముల్లంత ఉంది. నిన్నటికి ఆ పిల్ల పాలు తాగుతోంది, ఏడుస్తోంది, కండ పట్టింది. వాళ్ళమ్మ గుండె మీద పడుకోబెట్టడం మొదటిసారి నా చేతులతో చేశాను. ఆ అమ్మాయి కదిలితే బిడ్డ పడిపోతుందేమోనని ఊపిరి బిగపట్టింది. 'పర్లేదమ్మా, ఊపిరి తీసుకో, నీ ఊపిరి వింటూనే అది పడుకుంటుంది' అన్నాను. ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే ఆ మాట అత్తయ్యకి చెప్పాను. నలభైకి దగ్గరపడుతూ నేను మళ్ళీ కొత్త పని నేర్చుకుంటున్నానండి. రోజూ డ్యూటీకి వెళ్ళాలని నాకు నేనే తొందరపడుతున్నాను. అలా ఎప్పుడైనా జరిగిందా చెప్పండి.

ఇల్లు చూసుకోవడం మాత్రం అంత తేలిగ్గా కాలేదు. పాపకి సెలవులు కదా, దాన్ని నాతో తెచ్చుకున్నాను. అత్తయ్య భీమవరంలోనే ఉండి సామాను కట్టారు. మేమిద్దరం నాతో పనిచేసే లక్ష్మీదుర్గ వాళ్ళింట్లో ఉన్నాం. పాతికేళ్ళ పిల్ల, పెళ్ళి కాలేదు, నన్ను 'అక్కా' అంటుంది. నేను డ్యూటీలో ఉంటే పాపని వాళ్ళమ్మగారు చూసుకునేవారు. డ్యూటీ దిగాక లక్ష్మీదుర్గ స్కూటీ మీద ముగ్గురం ఊరంతా తిరిగేవాళ్ళం. మీరు ఊహించుకోండి, ముందు అది, వెనక నేను, మధ్యలో మీ కూతురు శాండ్‌విచ్ అయిపోయి.

మొదట కోరుకొండ రోడ్డులో ఒక అపార్ట్‌మెంటు చూశాం. నాలుగో అంతస్తు, లిఫ్టు, పాలరాయి గచ్చు. పాప అయితే ఆ గచ్చు మీద జారి చూసి, ఇదే తీసుకుందామంది. నీళ్ళ సంగతి కనుక్కుందామని పక్క ఫ్లాటు బెల్లు కొట్టాను. తలుపు తియ్యకుండానే లోపలి నుంచి ఒక గొంతు, 'పక్కవాళ్ళ సంగతులు మాకు తెలీవండి' అంది. ఎనిమిది తలుపులున్నాయి ఆ అంతస్తులో, ఎనిమిదీ మూసే ఉన్నాయి. పైగా ఆసుపత్రికి రెండు ఆటోలు మారాలి. తరవాత గోదావరి గట్టు దగ్గర ఒక పాత పెంకుటిల్లు. అబ్బ, దాన్ని మాత్రం వదలబుద్ధి కాలేదు. వరండాలో నిలబడితే నీళ్ళు, ఇసక తిన్నెలు, దూరంగా వంతెన మీద రైలు. మీరు సెలవులో వస్తే అక్కడ కుర్చీ వేసుకుని కూర్చుంటారని కూడా అనుకున్నాను. కానీ సాయంత్రం ఏడింటికి మళ్ళీ వెళ్ళి చూస్తే ఆ వీధిలో ఇళ్ళే లేవు, అన్నీ గోడౌన్లు. షట్టర్లు దించేసి అందరూ వెళ్ళిపోయారు. రెండు కుక్కలు మాత్రం ఉన్నాయి.

అప్పుడు నాకొకటి తెలిసింది. ఇల్లు చూడ్డానికి పగలు పదింటికి వెళ్ళకూడదు, ఆ వేళకి ఏ వీధయినా మంచి వీధే. అందుకని నచ్చిన వీధిని మూడు వేళల్లో చూడ్డం మొదలుపెట్టాను. పొద్దున్న స్కూలు పిల్లలు బయల్దేరే వేళకి ఒకసారి, మధ్యాహ్నం ఎండలో ఒకసారి, నా డ్యూటీ దిగే ఎనిమిదింటికి ఒకసారి. ఆసుపత్రి గేటు దగ్గర గడియారం చూసుకుని నడక మొదలుపెట్టేదాన్ని. పెరుగమ్మే ఆవిడని, ఇస్త్రీ బండి ఆయన్ని అడిగితే చాలు, ఓనర్లు చెప్పనివన్నీ వాళ్ళే చెప్పేస్తారు. ఏ ఇంట్లో పొద్దుగూకులూ గొడవలు, ఎక్కడ వానొస్తే మోకాలి లోతు నీళ్ళు, అన్నీ. లక్ష్మీదుర్గ నవ్వి, 'ఏంటక్కా, ఇల్లు అద్దెకి తీసుకుంటున్నావా, పిల్లనిస్తున్నావా' అంది.

ఇప్పుడు మీ ప్రశ్నలకి జవాబులు. మీరు వరస పెట్టి అడిగారు కాబట్టి నేను ఏదీ మర్చిపోకుండా ఉత్తరం పక్కనే పెట్టుకుని రాస్తున్నాను.

ఆసుపత్రి ఎంత దూరం అన్నారు. మామూలుగా నడిస్తే పద్నాలుగు నిమిషాలు, ఆలస్యమైతే పదకొండు. దారి పొడుగునా దీపాలున్నాయి, ఒక మందుల షాపు, ఒక టీ కొట్టు తెరిచే ఉంటాయి. అమ్మ మోకాళ్ళ సంగతి ఏం చేశావన్నారు. మెట్లు రెండే. ఆ రెండింటికీ కూడా ఆవిడ నా చెయ్యి పట్టుకోవడం లేదు, గోడకి ఇనప పట్టీ బిగించి ఉంది. నీళ్ళ సంగతి అడిగారు. కుళాయి పొద్దున్న ఆరింటికి ఒక గంట వస్తుంది. మిగతా రోజుకి బోరు, దాని మోటారుకి రెండు వాటాలకీ కలిపి ఒకటే స్విచ్చి. వాన నీళ్ళు నిలుస్తాయా అన్నారు. మొన్న మొదటి వాన గట్టిగానే పడింది. ఒక అరగంటలో కాలవలోకి లాగేసింది. నేను గొడుగేసుకుని మరీ నిలబడి చూశాను.

పాప కొత్త స్కూల్లో ఏడుస్తుందేమో అన్నారు. గురువారం బడి తెరిచారు. నాలుగో తరగతి. మన వీధి చివర నుంచి ఎడమకి తిరిగితే అయిదు నిమిషాలు, పెద్ద రోడ్డు దాటక్కర్లేదు. అది ఏడవలేదు. నేను గేటు దగ్గర కాస్త ఏడ్చాను. సాయంత్రానికి ఇద్దరు స్నేహితురాళ్ళని సంపాదించి, వాళ్ళింట్లో ఏ కూరో కూడా తెలుసుకుని వచ్చింది.

సామాను ఎలా తెస్తావన్నారు. ట్రాలీ ఆటోలో వేసి పంపించాను. బీరువా అద్దం పగలకుండా చేరింది. మీ సైకిలు కూడా తెచ్చాను, కోప్పడకండి, అమ్మబుద్ధి కాలేదు. మేం ముగ్గురం రైల్లో వచ్చాం. నిడదవోలులో రైలు చాలాసేపు ఆగిపోతే అత్తయ్య, ఈ బండికి రాజమండ్రి వెళ్ళే ఉద్దేశం ఉందా లేదా అని పక్కనున్నాయన్ని నిలదీశారు. తీరా వంతెన ఎక్కేసరికి మాత్రం చెంగు నోటికి అడ్డం పెట్టుకుని గోదారినే చూస్తూ ఉండిపోయారు. పెళ్ళైన కొత్తలో మామయ్యగారితో ఒకసారి దాటారట, మళ్ళీ ఇన్నేళ్ళకి ఇదే.

ఇక మీ ఆఖరి ప్రశ్న. 'నువ్వు నైట్ డ్యూటీకి వెళ్ళినప్పుడు అమ్మా పాపా ఒంటరిగా ఉంటారు. పిలిస్తే పలికే మనిషి పక్కన ఉన్నారా?' అని రాసి కింద గీత గీశారు. ఉన్నారు. ఆవిడ పేరు సుబ్బాయమ్మ గారు, మన ఇంటి ఓనరు. ముందు వాటాలో ఒక్కరే ఉంటారు. డెబ్భై దాటాయి. నాకు నైట్ డ్యూటీ పడిన మొదటి రోజు, బుధవారం, ఆవిడే వచ్చి మన వాటాకీ వాళ్ళ వాటాకీ మధ్య ఉన్న తలుపు గడియ తీసిపెట్టారు. పొద్దున్న నేను వచ్చేసరికి అత్తయ్య, ఆవిడ గుమ్మంలో తోటకూర బాగుచేసుకుంటూ, చేపల పులుసులో చింతపండా మామిడికాయా అని వాదించుకుంటున్నారు. పాపకి జడలు వేసి ఉన్నాయి.

ఇంతవరకూ రాసి లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చాను. ఇప్పుడు పచ్చ గేటు ఇంటి సంగతి. ఇది మీకు ఫోన్లోనే చెప్పాల్సింది. చెప్పలేకపోయాను. చదివాక మీకు కోపం వస్తే రానివ్వండి, కానీ పూర్తిగా చదవండి.

అపార్ట్‌మెంటు, గట్టు మీద ఇల్లు మనమే వద్దనుకున్నామని రాశాను. ఆ రెంటికీ పచ్చ గేటు ఇంటికీ మధ్య ఇంకో రెండిళ్ళు చూశాను. అవి మనం వద్దనుకున్నవి కావు. ఒకచోట ఓనరు ఇల్లంతా చూపించి, ఎప్పుడు దిగుతారని కూడా అడిగి, చివర్లో మీ పేరు అడిగారు. విజయ్ పాల్ అన్నాను. సాయంత్రం ఫోన్ చేసి చెబుతానన్నారు. చెయ్యలేదు. నేనే చేస్తే, ఇచ్చేశామమ్మా అన్నారు. వారం తరవాత కూడా టు-లెట్ బోర్డు అక్కడే వేలాడుతోంది. రెండోచోట అంత మర్యాద కూడా లేదు. గేటు దగ్గరే 'మీరేవిట్లు?' అని కులం అడిగి, చెప్పగానే గేటు వేసేశారు. పాప నా పక్కనే ఉంది. 'అమ్మా, వాళ్ళు లోపలికి రమ్మనలేదేంటి?' అంది. వాళ్ళకి పనుందట అన్నాను.

ఆ మర్నాటి ఆదివారం, ఒకటో తారీకు, పచ్చ గేటు ఇంటికి వెళ్ళాం. వీధి నేను ముందే మూడు వేళల్లో చూసి ఉంచాను. ఆసుపత్రికి ఆరే నిమిషాలు. ఎదురుగా పార్కు, సాయంత్రం అయితే నిండా పిల్లలు. బడి పక్క వీధిలోనే. ఇది చేజారకూడదు అనుకున్నాను. మలుపులో లక్ష్మీదుర్గని స్కూటీ ఆపమన్నాను. దాని హ్యాండ్‌బ్యాగులో బొట్టు స్టిక్కర్ల అట్ట ఉంటుందని నాకు తెలుసు. ఒకటివ్వమన్నాను. 'ఎందుకక్కా?' అంది. ఊరికే అన్నాను. అది ఇచ్చేసి ఇంకేమీ అడక్కుండా అటు తిరిగి నిలబడింది. స్కూటీ అద్దంలో చూసుకుంటూ నుదుటి మీద అతికించుకున్నాను. అదే అద్దంలో మీ కూతురు నన్నే చూస్తోంది.

ఆ ఇంటావిడ పేరు సత్యవాణి గారు. మంచి మనిషే. ఎండన పడి వచ్చామని మజ్జిగ ఇచ్చారు. గదులన్నీ చూపించి, పూజ గది ఈశాన్యంలో వచ్చిందండి, మీకు సరిపోతుందా అన్నారు. సరిపోతుందండి అన్నాను. నా పేరు అడిగితే దేవి అన్నాను. మీ పేరు విజయ్ అని ఊరుకున్నాను. మీ యూనిఫాం మీద మీ పేరు పూర్తిగా కుట్టి ఉంటుంది. మంచులోనూ గాలిలోనూ మీరు ఆ పేరుతోనే నిలబడతారు. దాన్ని నేను ఫ్యాను కింద కుర్చీలో కూర్చుని, చేతిలో మజ్జిగ గ్లాసు పట్టుకుని, సగానికి కోసి చెప్పాను.

అక్కడితో అయినా బాగుండేది. సత్యవాణి గారు పాపని దగ్గరికి తీసుకుని, నీ పేరేంటమ్మా అని అడిగారు. అది నా మొహం వంక చూసింది. నా కళ్ళలోకి కాదు, నుదుటి మీదకి చూసింది. ఒక్క క్షణం ఆగి, 'దుర్గాశ్రీ అండి' అంది.

భీమవరంలో దాని బెంచీలో కూర్చునే పిల్ల పేరు అది. నేను చెప్పమనలేదు. సైగ కూడా చెయ్యలేదు. ఎనిమిదేళ్ళ పిల్ల తనంతట తాను అర్థం చేసుకుంది, ఈ ఇంట్లోకి రావాలంటే పేరు బయట వదిలెయ్యాలని. మంచి పేరు అని ఆవిడ తల నిమిరి, సున్నుండ చేతిలో పెట్టారు. నేను అడ్వాన్సు ఇచ్చేశాను. ఆ సాయంత్రమే మీ ఫోను వచ్చింది. ఇల్లు దొరికిందా అన్నారు, దొరికిందన్నాను. పాపకి నచ్చిందా అన్నారు, నచ్చిందన్నాను. అది నా పక్కనే కూర్చుని వింటోంది. ఫోను పెట్టేశాక, చాలాసేపటికి, 'అమ్మా, ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నేను దుర్గాశ్రీనేనా? బడిలో ఏం చెప్పాలి?' అంది.

ఏమండీ, దానికి రెబెక్కా అని ఎవరి పేరు పెట్టుకున్నాం? అత్తయ్య వాళ్ళ అమ్మగారి పేరు. పంచాయతీ ఆఫీసులో వేలిముద్ర వెయ్యమంటే వెయ్యనని, అందరూ చూస్తుండగా తన పేరు గుండ్రంగా రాసి వచ్చిన మనిషి. ఊరి చివర మన పేటలో ఆడవాళ్ళు పెట్టిన మొదటి సంతకం అది. ఆ పేరుని దాచెయ్యాలని దానికి నేర్పింది ఊళ్ళోవాళ్ళు కాదు, నేను.

పాపకి ఆ పూట అన్నం పెట్టి పడుకోబెట్టాను. మర్నాడు డ్యూటీ దిగి, ఆసుపత్రి కుళాయి దగ్గర మొహం కడుక్కుని, ఒక్కదాన్నే పచ్చ గేటు ఇంటికి వెళ్ళాను. సత్యవాణి గారు మొక్కలకి నీళ్ళు పోస్తున్నారు. నిలబడే చెప్పేశాను. నా పేరు దేవకుమారి అండి, మా ఆయన పేరు విజయ్ పాల్, మేం క్రిస్టియన్లం, మా ఊళ్ళో పేటలో పుట్టినవాళ్ళం, నిన్న బొట్టు పెట్టుకుని వచ్చింది మీరు ఇల్లివ్వరేమో అని. ఆవిడ చేతిలో పైపు అలాగే ఉండిపోయింది, నీళ్ళు ఒకే కుండీలో పోతున్నాయి.

'ముందే చెప్తే బాగుండేది కదమ్మా' అన్నారు.

'ముందే చెప్తే ఇల్లు చూపించేవారా అండి?' అన్నాను.

ఆవిడ వెళ్ళి కుళాయి కట్టేశారు. తనకేం అభ్యంతరం లేదనీ, పైన అత్తగారు ఉంటారనీ, ఆవిడ ఒప్పుకోరనీ నెమ్మదిగా అన్నారు. లోపలికి వెళ్ళి అడ్వాన్సు మొత్తం తెచ్చి చేతిలో పెట్టారు. నేను గేటు దాకా వచ్చాక వెనకనుంచి అడిగారు.

'పాప పేరు దుర్గాశ్రీ కాదా మరి?'

'రెబెక్కా అండి.'

'అంత చిన్నపిల్ల చేత అలా చెప్పించకుండా ఉండాల్సిందమ్మా' అన్నారు.

ఇల్లివ్వని మనిషి నాకు నీతి చెబుతోందని ఒళ్ళు మండింది. కానీ సగం దూరం నడిచాక, ఆ ఒక్క మాటా నిజమేనని ఒప్పుకోవాల్సి వచ్చింది. లక్ష్మీదుర్గ వాళ్ళింటికి వెళ్ళి పాపని పెరట్లోకి తీసుకెళ్ళాను. తప్పు నాది, నీది కాదు, నీ పేరు ఎక్కడా మార్చక్కర్లేదు అని చెప్పాను.

'మరి ఇల్లు?'

'ఇంకోటి చూద్దాం.'

'సరే' అని వెంటనే ఆడుకోడానికి వెళ్ళిపోయింది. నేనే ఆ పెరటి గుమ్మం మీద ఇంకాసేపు కూర్చున్నాను.

మా వార్డులో చిట్టెమ్మ అని ఆయా ఉంది. మర్నాడు పొద్దున్న గచ్చు తుడుస్తూ, మొహం అలా ఉందేంటమ్మా అంటే, ఇల్లు దొరకలేదన్నాను. తన వీధిలో సుబ్బాయమ్మ గారి వాటా ఖాళీ అయిందనీ, ఆవిడ నోరు పెద్దదేగానీ మనసు మంచిదనీ చెప్పింది. అయిదో తారీకు గురువారం లక్ష్మీదుర్గ స్కూటీ మీద పాపని వెంటబెట్టుకుని వెళ్ళాను. ఈసారి ఇల్లు కూడా చూడలేదు. ఆవిడ గుమ్మంలోకి వచ్చి ఏదో అడుగుతుంటే, వినిపించుకోకుండా నా పాఠం అప్పజెప్పేశాను. 'మేం క్రిస్టియన్లమండి, పేటవాళ్ళం. మా ఆయన ఆర్మీలో ఉంటారు, ఏడాదికోసారి వస్తారు. నేను నర్సుని, నైట్ డ్యూటీలుంటాయి. మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. ఇల్లిస్తారా?'

'ఊపిరి పీల్చుకోమ్మా ముందు' అన్నారావిడ. 'నేనడిగిందేంటి, నువ్వు చెప్పేదేంటి? మోటారు స్విచ్చి వెయ్యడం వచ్చా అనడిగాను. ముందున్నవాళ్ళు వేసి ఆపడం మర్చిపోయి రెండుసార్లు తగలబెట్టారు.'

వచ్చండి అన్నాను. లక్ష్మీదుర్గ స్కూటీ మీదే పడి నవ్వుతోంది. తరవాత ఆవిడ కూర్చోబెట్టి చెప్పారు. వాళ్ళాయన లాంచీ నడిపే సరంగు. ముప్పై ఏళ్ళు గోదారి మీద తిరిగారట. 'ఏ రేవులో చీకటి పడితే ఆ రేవులో, ఎవరు పెడితే వాళ్ళింట్లో తిన్నాడమ్మా మా ఆయన. ఆయన్ని ఏవిట్లని అడిగి వడ్డించినవాళ్ళు ఒక్కరు లేరు. ఇప్పుడు నేను కూర్చుని ఎవరినడగను?' అన్నారు. ఆ మాటతో నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. వెంటనే, కోడిగుడ్డు పెంకులు కాలవలో వేస్తే మాత్రం ఊరుకోనని కూడా చెప్పారు.

అత్తయ్యకి ఇక్కడికి వచ్చిన రోజే అంతా చెప్పాను. ఆవిడ తిట్టలేదు. 'వాడికి రాయి. దాచకు' అన్నారు. అందుకే రాశాను. ఫోన్లో మీకు అబద్ధం చెప్పినందుకు క్షమించండి. ఆ సున్నుండ పాప తినలేదు. మర్నాడు దాని గౌను జేబులో నలిగిపోయి ఉంటే నేనే తీసి పారేశాను.

ఇప్పుడు మనసు తేలికపడింది. కిటికీలోంచి మీ అమ్మగారి గొంతు వినిపిస్తోంది. ఇవాళ ఆరాధనకి గుడికి ముగ్గురం నడిచే వెళ్ళాం, ఎనిమిది నిమిషాలు. ఆవిడకి రెండో వరసలో ఫ్యాను కింద చోటు దొరికింది, ఇక ఆ చోటు ఎవరికీ ఇవ్వరు. సెప్టెంబరులో మీకు సెలవు దొరుకుతుందని రాశారు. వచ్చేటప్పుడు రాజమండ్రిలోనే దిగండి, పొరపాటున అలవాటు కొద్దీ భీమవరం పోకండి. చిరునామా వెనక రాస్తున్నాను. వీధి పేరు గుర్తులేకపోతే, సరంగు గారి ఇల్లు అంటే ఎవరైనా చెబుతారు.

ఒక్క ముక్క రాసి ముగిస్తాను. ఇందాక, ఉత్తరం మధ్యలో నీళ్ళు తాగడానికి లేచానన్నాను కదా, అప్పుడు జరిగింది. సుబ్బాయమ్మ గారు గుమ్మంలో నుంచి పాపని 'రెబ్బమ్మా, ఓ రెబ్బమ్మా' అని పిలుస్తున్నారు. ఆవిడకి మన పేర్లు నోరు తిరగవు. పాప వెళ్ళి ఆవిడ ముందు నిలబడి, 'రెబ్బమ్మ కాదండి. రెబెక్కా. క కింద క వత్తు' అంది. ఆవిడ రెబక అన్నారు. కాదంది. రేబెకా అన్నారు. కాదంది. నేను వంటగదిలో గ్లాసు పట్టుకుని నిలబడిపోయాను, ఎక్కడ విసుక్కుంటారో అని. ఆవిడ విసుక్కోలేదు. ముక్కు మీది కళ్ళజోడు పైకి తోసుకుని, ఒకటో తరగతి పిల్లలా, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని, 'రె, బె, క్కా' అన్నారు.

'ఆఁ, అదే' అంది మీ కూతురు. 'ఇప్పుడు చెప్పండి, ఎందుకు పిలిచారు?'

ఇట్లు,
మీ రాక కోసం చూసే మీ భార్య,
నేలపూడి దేవకుమారి.